లాభం, రెండు, మూడు

"మీ నాన్నకి ఆ ఇంజెక్షన్ నువ్విచ్చావా?"

"లేదు మేడమ్."

"మందు ల్యాబ్‌లోంచి దొంగిలించావా?"

శ్రీరమ్య తలెత్తి నా వైపు చూసింది. "దొంగిలించాను."

స్టేషన్ గది గోడకి ఆనుకుని నిలబడ్డ సి.ఐ. పిచ్చయ్య చప్పుడు లేకుండా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది. నేమ్‌ప్లేటు మీద పి.సి. రావు అని రాయించుకున్నాడు గానీ, ఆయన్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళు నాకు ఇంతవరకు కనపడలేదు. ప్రైవేటు డిటెక్టివ్‌లంటే ఆయనకి చెవి దగ్గర గీపెట్టే దోమలు. ఆడ డిటెక్టివ్ అంటే దోమపాటి మర్యాద కూడా లేదు. పై అధికారి ఎవరో ఫోన్ చేస్తే, తనూ గదిలోనే ఉంటానన్న షరతు మీద నాకు పావుగంట ఇచ్చాడు.

జరిగింది ఇదీ. నల్లపాడు దాటాక ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. దాని వెనక ఒక ప్రైవేటు ల్యాబ్. ఎలుకలకి పక్షవాతం తెప్పించి, ఏ మందు వేస్తే తేరుకుంటాయో చూడడం అక్కడి పని. శ్రీరమ్య ఆ ల్యాబ్‌లో రీసెర్చ్ స్కాలర్. వాళ్ళ నాన్న యలమందయ్య దానికే వాచ్‌మన్. సోమవారం తెల్లవారుజామున ఆయన గేటు దగ్గర కుప్పకూలాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఆస్పత్రిలో కాస్త తేరుకుంటున్నాడని అందరూ ఊపిరి పీల్చుకుంటుండగా, మంగళవారం మధ్యాహ్నం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చాయి. సెలైన్ గొట్టంలోకి ఎవరో ఏదో ఎక్కించారని డాక్టర్లు తేల్చారు. బుధవారం సాయంత్రం పోలీసులు శ్రీరమ్య బ్యాగు వెతికితే ల్యాబ్ మందు సీసా దొరికింది, ఖాళీది. ఇవాళ గురువారం. సాయంత్రం ఈ పిల్లని కోర్టులో హాజరుపరుస్తారు. తండ్రి బతికితే హత్యాయత్నం, పోతే హత్య.

"ఎందుకు దొంగిలించావు?"

"నాన్న కోసమే. ఇప్పుడు వెయ్యడానికి కాదు, తర్వాత వేద్దామని."

"తర్వాత అంటే?"

ఆమె బల్ల మీద రెండు చేతులూ పరిచింది. చెప్పడం మొదలుపెట్టేసరికి గొంతులో వణుకు తగ్గింది.

"మెదడు కణాల మీద రిసెప్టర్లు ఉంటాయి మేడమ్. కొన్నిటికి సంకేతం అందితే కణం పరిగెడుతుంది. కొన్నిటికి అందితే ఆగుతుంది. రెండూ ఉంటేనే మెదడు సరిగ్గా నడుస్తుంది. ఎలుకకి స్ట్రోక్ తెప్పించిన మొదటి గంటల్లో ఆ పరిగెత్తించే రిసెప్టర్లు వెర్రెత్తిపోతాయి. కణాలు ఆగకుండా పరిగెత్తి పరిగెత్తి చచ్చిపోతాయి. తర్వాత రోజుల్లో అవే రిసెప్టర్లు తగ్గిపోతాయి. గాయం చుట్టుపక్కల ఆపేవాటి పట్టు బిగుసుకుంటుంది."

"ఆ పట్టు మంచిదా, చెడ్డదా?"

"రెండూను. మొదట్లో అదే కాపాడుతుంది, మిగిలిన కణాలు చావకుండా. రోజులు గడిచాక అదే అడ్డం పడుతుంది. కాలు కదలనివ్వదు. మా మందు ఆ పట్టు వదులు చేస్తుంది. ఆలస్యంగా ఇస్తే ఎలుక మళ్ళీ కాలు వాడుతుంది. తొందరపడి ఇస్తే గాయం పెద్దదవుతుంది. ఎక్కువ ఇస్తే ఏ రోజైనా సరే, ఫిట్స్."

"అంటే ఒకటే సీసా. ఎప్పుడిచ్చావన్నదాన్ని బట్టి మందో, విషమో."

"ఎలుకల్లో. మనుషుల్లో ఎవరికీ తెలీదు. అది తెలిసి కూడా తీశాను." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాన్న నా పేరు పిలవాలని నోరు తెరిచి, రాక ఏడుస్తుంటే నాకు బుద్ధి పని చెయ్యలేదు మేడమ్. రెండు మూడు వారాలు పోయాక డాక్టర్‌గారి కాళ్ళు పట్టుకుని అయినా అడుగుదామనుకున్నా."

"విన్నారుగా?" అన్నాడు పిచ్చయ్య. "ముందిస్తే విషమని ఈమెకే బాగా తెలుసు. నేరం ఒప్పుకోవడానికి ఇంతకన్నా మంచి తెలుగు ఉండదు."

నేను ఆయన వైపు తిరగలేదు. "సీసా ఎక్కడ దాచావు?"

"ల్యాబ్ ఫ్రిజ్‌లోనే, నా డబ్బాలో. ఆస్పత్రికి తీసుకురాలేదు. నా బ్యాగులోకి ఎలా వచ్చిందో నాకు తెలీదు."

"మంగళవారం మధ్యాహ్నం గదిలో ఎవరున్నారు?"

"రెండున్నరప్పుడు మందులు కొనడానికి కిందికెళ్ళాను. షాపు దగ్గర జనం. అమ్మ ఇంకా పర్చూరు నుంచి రాలేదు. నాన్న ఒక్కడే ఉన్నాడు. బ్యాగు మంచం కింద ఉంది. నేను పైకి వచ్చేసరికి నాన్న ఫిట్స్‌తో కొట్టుకుంటున్నాడు."

పిచ్చయ్య వాచీ చూసుకున్నాడు. నేను ఆఖరి ప్రశ్న అడిగాను. ఏమీ తోచనప్పుడు నేనడిగే ప్రశ్న ఇదే. "ల్యాబ్‌లో ఈ మధ్య నీకు అర్థంకాని సంగతి ఏదైనా ఉందా? ఎంత చిన్నదైనా సరే."

శ్రీరమ్య ఆలోచించింది. "ఒకటుంది. నా రాక్‌లో స్ట్రోక్ వచ్చిన రోజే మందు ఇచ్చిన ఎలుకలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. పక్క రాక్‌లో అదే రోజు ఇచ్చినవి లేచి చక్కగా తిరుగుతున్నాయి. ఆ రాక్ చూసి కంపెనీవాళ్ళు మురిసిపోయారు. ఇక మనుషులకి కూడా, స్ట్రోక్ వచ్చిన రోజే ఇచ్చి చూస్తారట. నేనే ఎక్కడో తప్పు చేశాననుకున్నాను."

"ఆపరేషన్ రెండు రాక్‌లకీ ఒకటేనా?"

"ఒకటే. మెడ కింద కోసి, రక్తనాళంలోకి సన్న దారం పంపి మూసేస్తాం. కుట్టు మచ్చ అలాగే ఉండిపోతుంది."

"టైమైపోయింది," అన్నాడు పిచ్చయ్య.

పక్క రాక్ ఎవరిదని నేను అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అప్పుడే అడిగి ఉంటే, ఆ తర్వాత జరిగింది చాలావరకు జరిగేది కాదు.

వరండాలోకి రాగానే పిచ్చయ్య ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు. "మీకొకటి చూపించాలి. నిన్న తీశాను."

వీడియోలో యలమందయ్య మంచం మీద ఉన్నాడు. నోరు కుడివైపు జారిపోయింది. పిచ్చయ్య గొంతు గట్టిగా అడుగుతోంది: "తాతా, నీకెవరు చేశారు ఈ పని?" ముసలాయన ఎడమ చేత్తో దుప్పటి పట్టుకుని, శక్తినంతా కూడదీసుకుని, స్పష్టంగా ఒక మాట అన్నాడు.

"లాభం."

"ఎవరు తాతా? పేరు చెప్పు."

"లాభం. లాభం." అని ఏడ్చేశాడు.

పిచ్చయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మాట పోయిన మనిషి నోట మిగిలిన మాట అది. ఎలుకల మీద పనిచేసిన మందు మనిషి మీద కూడా పనిచేసిందని చూపిస్తే ఈ పిల్లకి కంపెనీలో పెద్ద ఉద్యోగం. లాభం కోసం కన్న తండ్రినే ఎలుకని చేసింది. ఆయనకి అర్థమైంది, చెప్పాడు."

"స్ట్రోక్ వచ్చిన రెండో రోజే ఇస్తే పనిచెయ్యదని ఆమెకి తెలుసని ఇందాక మీరే అన్నారు. ఇప్పుడేమో పనిచేస్తుందని చూపించడానికి ఇచ్చిందంటున్నారు. రెంటిలో ఒకటి ఎంచుకోండి సి.ఐ. గారూ."

ఆయన ముఖం గంటుపెట్టుకున్నాడు. "మరి మీ అనుమానం ఎవరి మీద? ల్యాబ్ డైరెక్టరా? ఆయన పది రోజులుగా బెంగళూరులో ఉన్నాడు. కనుక్కున్నాను."

అది నాకు కొత్త సంగతి. అయినా బయటపడలేదు. "మీరు పోలీసులు, అన్నీ కనుక్కుంటారు. ఒక ముసలాయన ఏమన్నాడో తప్ప. అంత చక్కటి పల్లె పేరు పెట్టుకుని ఈ నేల భాష రాకపోవడమేమిటి పిచ్చయ్య గారూ?"

"పేరు మా తాతది. చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. నేను పుట్టి పెరిగింది మద్రాసులో." ఆయన గొంతు పెరిగింది. "లాభం అంటే ఏ ఊళ్ళోనైనా లాభమే మేడమ్. వెళ్ళి రండి."

స్టేషన్ మెట్ల మీద శ్రీరమ్య తల్లి వెంకటరావమ్మ కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం నుంచి అక్కడే ఉందట. నన్ను చూసి లేచి నా చెయ్యి పట్టుకుంది. "ఆయన దగ్గరుండాలా, దీని దగ్గరుండాలా నాకు తెలవటంలా జుబేదమ్మా. మొగుడి దగ్గరుంటే ఇది ఒక్కతే అయిపోద్ది. ఇక్కడుంటే ఆయన ఒక్కడే."

"ఆయన దగ్గర బాలుని కూర్చోబెట్టానమ్మా. మీరు ఇక్కడే ఉండండి," అన్నాను.

బాలు గురించి చెప్పాలి. ల్యాబ్‌లో శ్రీరమ్యతోపాటు పనిచేసే కుర్రాడు. నన్ను ఈ కేసులోకి పిలిచింది అతనే. మంగళవారం సాయంత్రం మా ఇంటికొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, "శ్రీరమ్యని ఇరికిస్తారు మేడమ్, మీరే కాపాడాలి. మా డైరెక్టర్ మీద నాకు అనుమానం," అన్నాడు. నెమ్మదైన మాట, వినయం. ఆస్పత్రి గదికి నమ్మకమైన మనిషి కాపలా కావాలని నాకు పొద్దున అనిపించింది. అతన్నే పంపాను.

అక్కణ్ణుంచి తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళాను. కోల్డ్ స్టోరేజీ ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. హమాలీలు ముక్కులకి తువ్వాళ్ళు చుట్టుకుని మిర్చి బస్తాలు, ఇక్కడివాళ్ళ మాటలో టిక్కీలు, దించుతున్నారు. ఆ ఘాటుకి నేను దగ్గుతూనే గేటు దాటాను. ఎలుకలకి తిండి పెట్టి గది ఊడ్చే పిచ్చమ్మ తాళం తీసింది. పోలీసులు ఫ్రిజ్‌కి సీలు వేసి వెళ్ళారు గానీ ఎలుకల గది జోలికి పోలేదు. ఎలుకలు సాక్ష్యం చెప్పవని పిచ్చయ్య అనుకుని ఉంటాడు.

గది చల్లగా, వెలుతురు తక్కువగా ఉంది. రెండు రాక్‌లు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాని మీద శ్రీరమ్య పేరుంది. అందులో చాలా బోనులు ఖాళీ. మిగిలిన ఎలుకలు ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నాయి. రెండో రాక్ నిండుగా ఉంది. 'స్ట్రోక్ రోజే మందు' అని ప్రతి బోను మీదా చీటీ. లోపల ఎలుకలు చువ్వలు పట్టుకుని హుషారుగా ఎగబాకుతున్నాయి.

"పిచ్చమ్మా, ఒకదాన్ని పట్టుకుని వెల్లకిలా చూపిస్తావా?"

"కరిసిద్దేమో, వెనక్కి జరుగమ్మా." అలవాటైన చేత్తో మొదట శ్రీరమ్య రాక్‌లోంచి ఒకదాన్ని తీసి తిప్పింది. మెడ కింద సన్నటి మచ్చ, దాని చుట్టూ సగం మొలిచిన బొచ్చు. తర్వాత రెండో రాక్‌లోంచి తీసింది. మెడ కింద తెల్లటి బొచ్చు ఒత్తుగా, నున్నగా ఉంది. మచ్చ లేదు. ఇంకోటి చూపించమన్నాను. దానికీ లేదు. ఆ రాక్‌లో ఏ బోను తెరిచినా మెడ మీద కత్తి గాటు లేదు.

మందుతో లేచి తిరిగిన ఎలుకలు కావివి. వీటికి అసలు పక్షవాతమే రాలేదు. వచ్చినవి మందు పడగానే చచ్చిపోతే, వాటిని తీసేసి ఆ బోనుల్లో మామూలు ఎలుకల్ని పెట్టారు. ఈ అబద్ధాన్ని నమ్మి రేపు ఎక్కడో ఎవరికో, పక్షవాతం వచ్చిన రోజే, గాయం ఇంకా పచ్చిగా ఉండగానే ఆ మందు ఎక్కిస్తారు. శ్రీరమ్య ఏ తప్పూ చెయ్యలేదు. ఆమె ఎలుకలు నిజం చెప్పి చచ్చిపోయాయి.

"ఈ రాక్ ఎవరిది?" అని అడగబోతుండగా బయట లారీ దగ్గర గుమాస్తా గొంతు కిటికీలోంచి వినపడింది. ధబ్‌మని టిక్కీ పడడం, వెంటనే రాగం తీస్తూ అతని లెక్క.

"లాభం..."

ధబ్.

"రెండూ..."

ధబ్.

"మూడూ..."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి విన్నాను. మా నాన్న పాత గోనెసంచుల వ్యాపారి. మా ఇంట్లో కొలతకి కుంచం పట్టినా, సంచులు దించినా, ఏనాడూ ఒకటి అని మొదలుపెట్టలేదు. మొదటిది ఎప్పుడూ లాభమే. ఆ మాటే ఆస్పత్రి మంచం మీద నుంచి వినిపిస్తే, స్టేషన్ వరండాలో నిలబడి చదువుకున్నదానిలా ఆలోచించాను. పిచ్చయ్యని ఎగతాళి చేశాను గానీ నేను చేసిన నిర్వాకమూ అదే.

"పిచ్చమ్మా, యలమందయ్య ఇదివరకు ఏం చేసేవాడు?"

"ఈ స్టోరేజీలోనేగా, టిక్కీల లెక్క ఆయనదే. గేటుకి కాపలా పెట్టాక గూడా అలవాటు పోలా. ఏది బయటికెళ్ళినా లాభం, రెండు అంటా లెక్కెడతాడు. మేమంతా నవ్వేవాళ్ళం."

"చచ్చిన ఎలుకల్ని బయటికి ఎవరు తీసుకెళ్తారు?"

"ఆ రాకువా? బాలుబాబే. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడుగా." ఆమె ఎలుకని బోనులో పెట్టి మూసింది. "ఆదివారం గేటు కాడ ఇద్దరికీ మాటామాటా అయింది. తాత సంచులు లెక్కెట్టి, ఇయ్యన్నీ ఎందుకు సచ్చినయ్ బాబూ, మా అమ్మాయికి చెప్పావా, అన్నాడు. బాలుబాబు ముఖం మాడిపోయింది. తెల్లారేసరికి తాత పడిపోయాడు పాపం."

మంగళవారం సాయంత్రం బాలు మా ఇంటికొచ్చి ఏమన్నాడు? శ్రీరమ్యని ఇరికిస్తారు అన్నాడు. పోలీసులు ఆమె బ్యాగు వెతికింది బుధవారం. ఒక రోజు ముందే ఆమె ఇరుక్కుంటుందని అతనికెలా తెలుసు? సోమవారం తాతని పడేసింది పక్షవాతమే; ఆయన తేరుకుని సంచుల లెక్క బయటపెడతాడని మంగళవారం బాలు మందు ఎక్కించి, ఖాళీ సీసా ఈమె బ్యాగులో పెట్టి ఉంటాడు. నన్ను డైరెక్టర్ వైపు మళ్ళించడానికి వస్తే, స్నేహితురాలి మీద ప్రేమ అనుకుని మురిసిపోయాను. పైగా ఆ మనిషినే తీసుకెళ్ళి యలమందయ్య మంచం పక్కన కూర్చోబెట్టాను.

బాలుకి ఫోన్ చెయ్యలేదు. పిచ్చయ్యకి చేశాను.

"ఏంటి మేడమ్?"

"మీ తాత కాటా దగ్గర పత్తి బేళ్ళు లెక్కపెట్టడం ఎప్పుడైనా విన్నారా?"

"ఇదేం ప్రశ్న?"

"విన్నారా, లేదా?"

"వేసవి సెలవులకి వచ్చినప్పుడు..."

"మొదటి బేలుకి ఏమనేవాడు?"

ఇప్పుడు ఆయన గొంతులో పోలీసు లేడు. "లాభం అనేవాడు," అన్నాడు. "లాభం, రెండు, మూడు..."

"ఆయన నేరం చెప్పలేదు సి.ఐ. గారూ. లెక్క మొదలుపెట్టాడు. పూర్తి చెయ్యలేక ఏడ్చాడు. ఇప్పుడు ఆయన పక్కన బాలు ఉన్నాడు. మీరు ఆస్పత్రికి దగ్గర. పరిగెత్తండి."

ఆయన ఇంకో మాట అడగలేదు. ఆ సంగతి మాత్రం నేను ఎప్పటికీ మర్చిపోను.

నేను వెళ్ళేసరికి, ట్రాఫిక్‌లో జీపు ఆగిపోయి పరిగెత్తుకొచ్చిన పిచ్చయ్య అప్పుడే గదిలోకి అడుగుపెడుతున్నాడు. నర్సు ఖుర్షిదా మంచం ఈ చివర చార్టు చూస్తోంది. బాలు సెలైన్ స్టాండు పక్కన కుర్చీలోంచి లేచాడు.

"ఇప్పుడే నిద్రపట్టింది మేడమ్," అన్నాడు నెమ్మదిగా.

"ఎక్కడ నిద్ర?" అంది ఖుర్షిదా. "ఈ సారు కూర్చున్నప్పట్నుంచీ తాత ఒకటే మూలుగు. కళ్ళు మూస్తే ఒట్టు."

యలమందయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. నా వైపు చూశాడు. ఆ చూపులో భయం ఉంది. నేను మంచం తలవైపుకి వెళ్ళి నిలబడ్డాను. నా చేతిలో సాక్ష్యం లేదు. మచ్చలేని ఎలుకలు మోసానికి సాక్ష్యమే గానీ హత్యాయత్నానికి కాదు. ఉన్నది ఈ మనిషి, ఈయన దగ్గర మిగిలిన లెక్క.

"బాబాయ్, టిక్కీలు దిగుతున్నాయి," అన్నాను చెవి దగ్గర వంగి. "లెక్క నువ్వే చెప్పాలి." మంచం ఇనపకమ్మీ మీద పిడికిలితో ధబ్‌మని కొట్టాను.

ఆయన పెదాలు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ కొట్టాను. ఆయన ఎడమ చెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది. చూపుడువేలు వణుకుతూ ఖుర్షిదా మీద ఆగింది.

"లాభం."

ధబ్.

వేలు పిచ్చయ్య మీదకి జరిగింది. "రెండు."

ధబ్.

వేలు బాలు దగ్గరకి వచ్చింది. అక్కడ వణుకు ఎక్కువైంది. "మూడు," అన్నాడు యలమందయ్య. కంటి చివర నుంచి నీళ్ళు కారాయి.

బాలు చిన్నగా నవ్వాడు. "వరుసలో మూడోవాణ్ణి కదా మేడమ్, మూడన్నాడు. మీరు ముందు నిలబడితే మిమ్మల్ని లాభం అనేవాడు. పాపం, ఇది లెక్క. సాక్ష్యం ఎలా అవుతుంది?"

అతను చెప్పింది నిజమే. పిచ్చయ్య కూడా నా వైపు చూశాడు, ఇప్పుడేమంటావన్నట్టు. ఆయన తల వెనకున్న నేను తప్ప గదిలో లెక్కపెట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. నేను పిడికిలి దించేశాను.

కానీ ఆయన చెయ్యి దించలేదు. కమ్మీ మీద దెబ్బ పడకుండానే, ఎవరూ అడక్కుండానే, ఆ వేలు బాలు భుజం దాటి పైకి వెళ్ళింది. స్టాండుకి వేలాడుతున్న సెలైన్ సీసా మీద ఆగింది.

"నాలుగు," అన్నాడు యలమందయ్య.

బాలు తలుపు వైపు దూకాడు. పిచ్చయ్య అతని మెడ పట్టి గోడకి అదిమాడు. చొక్కా జేబులోంచి సిరంజి జారి నేలమీద పడింది. అది ఖాళీగా ఉంది. ఖుర్షిదా పరుగున వచ్చి గొట్టం నొక్కిపట్టి, ముసలాయన చేతిలోంచి సూది లాగేసింది. నేను సీసా వైపు చూశాను. అప్పటికే సగం దిగిపోయింది.

"ఎంత కలిపావురా?" అని అరిచాను. "చెప్పు, ఎంత?"

బాలు నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. వినయమంతా ముఖంలోంచి దిగిపోయింది. "ఒక్క నెల ఆగితే చాలు మేడమ్," అన్నాడు. "మందు మనుషులకి వెళ్ళిపోయేది. తర్వాత ఎలుకల్ని ఎవరు చూస్తారు?"

బయట నుంచి వచ్చిన కానిస్టేబుల్ అతన్ని లాక్కుపోయాడు. ఖుర్షిదా డాక్టర్ కోసం కేక పెట్టింది. యలమందయ్య ఎడమ చెయ్యి మంచం మీద పడి, వేళ్ళు వాటంతటవే కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఇప్పటిదాకా బాగున్న చెయ్యి అది. కనురెప్పలు అదురుతున్నాయి. డాక్టర్ వచ్చి ఏదో ఇంజెక్షన్ ఇచ్చి, ఆయన్ని పక్కకి తిప్పి, "స్పృహ తెలుస్తూ ఉండాలి, మాట్లాడిస్తూ ఉండండి," అన్నాడు.

ఏం మాట్లాడించాలి? కూతురు స్టేషన్‌లో ఉంది, భార్య స్టేషన్ మెట్ల మీద ఉంది. ఈ మనిషికి మిగిలిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కమ్మీ మీద కొట్టడానికి నాకు చెయ్యి లేవలేదు.

పిచ్చయ్య టోపీ తీసి కిటికీలో పెట్టాడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ముసలాయన చెవి దగ్గరకి వంగాడు. కమ్మీ మీద పిడికిలితో మెల్లగా కొట్టాడు.

"తాతా," అన్నాడు. "టిక్కీలు దిగుతున్నాయి. నాతోపాటు అను. లాభం..."

యలమందయ్య పెదాలు కొద్దిగా విడివడ్డాయి. పిచ్చయ్య మళ్ళీ కొట్టి, మళ్ళీ మొదటి నుంచి అన్నాడు.

"లాభం, తాతా. లాభం. తర్వాత ఎంత?"